మంచు వాలు మీద హారన్ ఉండదు

రెడ్‌మండ్ నుంచి ఒక తమ్ముడు అడిగాడు. వచ్చే శనివారం ఏడుగురు స్నేహితులు కలిసి వాషింగ్టన్ రాష్ట్రంలోని స్నోక్వాల్మీ పాస్ అనే స్కీ కొండకి వెళ్తున్నారట. అందులో నలుగురికి స్నోబోర్డు (రెండు కాళ్లూ బిగించుకుని మంచు మీద జారే చెక్క) ఎక్కడం ఇదే మొదటిసారి. రెండు సీజన్లు వెళ్లొచ్చిన ఒక స్నేహితుడు "క్లాసుకి డబ్బులు దండగ, నేను నేర్పిస్తా" అన్నాడట. కొండ మీద ఎవరు ఎవరికి దారివ్వాలి, హెల్మెట్ నిజంగా అవసరమా, స్కీ చేసేవాళ్లు (ఒక్కో కాలికి ఒక్కో పలక కట్టుకుని జారేవాళ్లు) స్నోబోర్డర్లను చూసి ఎందుకు విసుక్కుంటారు, దెబ్బలు తగలకుండా ఏం చేయాలి అన్నవి అతని ప్రశ్నలు.

నేను ఖమ్మం ఎండల్లో పెరిగి పదహారేళ్ల కిందట ఈ రాష్ట్రానికి వచ్చాను. పద్నాలుగు సీజన్లుగా బోర్డు మీద ఉన్నాను. గత ఆరేళ్లుగా చలికాలం వారాంతాల్లో కొత్తవాళ్లకు నేర్పిస్తున్నాను. మనవాళ్లు గుంపుగా వచ్చి, సరదాగా మొదలుపెట్టి, మధ్యాహ్నానికి ఒకరి చేతికి కట్టుతో తిరిగి వెళ్లడం చాలాసార్లు చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. శనివారంలోగా ఏడుగురూ చదవండి.

ముందు దారి సంగతి. మిగతావన్నీ మర్చిపోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి. వాలు మీద మీకంటే కింద ఉన్న మనిషిదే దారి. ఆ మనిషి ఇవాళే నేర్చుకుంటున్నా, అడ్డదిడ్డంగా తిరుగుతున్నా, నడిమధ్యలో కూలబడి ఉన్నా సరే, తప్పుకోవాల్సింది పైనుంచి వచ్చే మీరే. దీన్ని మర్యాద అని మాత్రమే అనుకోవద్దు. కిందున్న మనిషిని గానీ వస్తువును గానీ ఢీకొనకుండా చూసుకునే ప్రధాన బాధ్యత పైనుంచి దిగుతున్నవారిదేనని వాషింగ్టన్ రాష్ట్ర చట్టంలోనే రాసి ఉంది. అమెరికాలో ఏ స్కీ కొండకి వెళ్లినా, కుర్చీల్లో పైకి తీసుకెళ్లే లిఫ్టుల దగ్గర ఒక బాధ్యతా నియమావళి బోర్డు కనబడుతుంది. అందులో ఒకప్పుడు ఏడు నియమాలు ఉండేవి, 2022లో పది చేశారు. "మీ అదుపులో మీరు ఉండాలి" అన్నది మొదటిది, "ముందున్నవారిదీ కిందున్నవారిదీ దారి" అన్నది రెండోది. యూరప్ కొండల మీద పాటించే అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమాలూ పదే, వాటిలోనూ ఇదే మాట ఉంది. 2016లో యూటాలోని డీర్ వ్యాలీలో నటి గ్వినెత్ పాల్ట్రో, ఇంకొక స్కీయరు ఢీకొన్నారు. ఆ కేసు 2023లో విచారణకు వచ్చినప్పుడు వాదనలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. ఆ క్షణంలో ఎవరు పైన ఉన్నారు, ఎవరు కింద ఉన్నారు?

మన ఊళ్లలో బండి నేర్చుకున్నవాళ్లకు ఇది వెంటనే ఒంటబట్టదు. నాకూ పట్టలేదు. హైదరాబాద్ రోడ్డు మీద వెనకవాడు హారన్ కొడితే ముందువాడు జరగాలి. జరగకపోతే తప్పు ముందువాడిది. "హారన్ కొట్టాను కదా" అంటే వాదన అక్కడితో అయిపోయినట్టే. మంచు వాలు మీద హారన్ ఉండదు, అద్దాలు ఉండవు. ముందు వెళ్లే మనిషికి వీపు వెనక ఏం వస్తోందో తెలియదు, తెలుసుకోవాల్సిన బాధ్యతా లేదు. ఆ మనిషిని చూడగలిగింది మీరొక్కరే కాబట్టి బాధ్యతా మీదే.

దీన్ని నేను నేర్చుకున్న తీరు చెబుతాను. నా మూడో సీజన్, ఒక కొండ మీద నీలి రన్, అంటే మధ్యస్థంగా కష్టమైన దిగే దారి. అప్పటికి వేగంగా దిగడం వచ్చింది, వచ్చిందన్న ధీమా ఇంకా ఎక్కువ వచ్చింది. నా ముందు ఒకావిడ స్కీల మీద నెమ్మదిగా మలుపులు తిరుగుతూ దిగుతోంది. ఎడమకి మలుపు, కుడికి మలుపు, మళ్లీ ఎడమకి, అన్నీ ఒకే కొలతలో. ఈసారి కుడికి వెళ్తుందనుకుని నేను ఎడమ పక్కనుంచి దూసుకెళ్లబోయాను. ఆవిడకు ఎదురుగా ఒక చిన్న పిల్లాడు పడ్డాడు, ఆవిడ ఎడమకే ఉండిపోయింది. నా భుజం ఆవిడ వీపుకి తగిలింది. ఇద్దరం పడ్డాం, ఆవిడ కాలర్ బోను విరిగింది. స్కీ పెట్రోల్ వాళ్లు, అంటే కొండ మీద గస్తీ తిరుగుతూ గాయపడినవాళ్లను ఆదుకునే సిబ్బంది, స్లెడ్డు మీద పడుకోబెట్టి దించారు. నేను పక్కనే నడిచి దిగాను. కింద కూర్చున్నప్పుడు ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే: "నేను నీకు కనబడలేదా?" కనబడింది. నేను చూడకపోవడంవల్ల జరిగింది కాదు, ఆవిడ ఎటు తిరుగుతుందో నేనే నిర్ణయించేసుకోవడం నా తప్పు. అప్పటినుంచి ఎవరిని దాటాలన్నా, ఆ మనిషి ఇప్పుడున్న చోటునుంచి ఒక్కసారిగా నావైపు తిరిగినా నాకు చోటు మిగలాలి అని లెక్క వేసుకుంటాను. అంత చోటు లేకపోతే దాటను, వెనకే నెమ్మదిగా వెళ్తాను. వాలు వెడల్పయ్యేదాకా ఆగితే పోయేది ఒక నిమిషం.

దాటేటప్పుడు కొందరు "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరుస్తారు. మీ ఎడమ పక్కనుంచి వస్తున్నాను అని దానర్థం. సన్నటి దారుల్లో, వాలు లేని చోట్ల అది పనికొస్తుంది. కానీ కొత్తగా నేర్చుకుంటున్న మనిషి వెనక అలా అరవకండి. ఆ మాటలో వాళ్లకు వినబడేది "లెఫ్ట్" ఒక్కటే. తల అటు తిరుగుతుంది, తల తిరిగిన వైపుకే బోర్డు వెళ్తుంది, సరిగ్గా మీ దారిలోకే వస్తారు. అరిచినంత మాత్రాన దారి మీది అయిపోదు. అది కూడా హారన్ లాంటిదే.

స్నోబోర్డుకి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది, ఇది మీకూ తెలియాలి, మీతో వచ్చే స్కీ వాళ్లకూ తెలియాలి. స్కీ చేసే మనిషి ఎదురుగా చూస్తూ దిగుతాడు. మనం పక్కకు తిరిగి నిలబడి దిగుతాం. ఎడమకాలు ముందుంటే రెగ్యులర్ అంటారు, కుడికాలు ముందుంటే గూఫీ. రెగ్యులర్‌గా దిగేవాళ్ల ఛాతీ వాలుకి కుడివైపుకి, వీపు ఎడమవైపుకి ఉంటుంది. మడమల మీద బరువు వేసి తిరిగే హీల్‌సైడ్ మలుపులో బోర్డు వీపువైపుకే, అంటే కళ్లకు కనబడని వైపుకే పోతుంది. స్కీయరుకీ స్నోబోర్డరుకీ మధ్య జరిగే ఢీల్లో నేను చూసినవి ఎక్కువభాగం ఆ మలుపులోనే జరిగాయి. కాబట్టి ప్రతి హీల్‌సైడ్ మలుపుకీ ముందు, ముందుభుజం మీదుగా ఒక్కసారి వెనక్కి తొంగిచూడడం మొదటిరోజునుంచే అలవాటు చేసుకోండి. దారి మీదే అయినా చూడండి. వెనక వచ్చేవాడికి నియమం తెలుసో లేదో మీకు తెలియదు. మీరు ఇంకొక స్నోబోర్డరును దాటాల్సి వస్తే, వీలైతే వాళ్ల ముఖం ఉన్న వైపునుంచే దాటండి.

ఇక ఆగడం. స్నోబోర్డర్ల మీద స్కీ వాళ్లకు ఉన్న కోపంలో సగం దీనివల్లే, ఆ సగం న్యాయమైనదే. రెండు కాళ్లూ ఒకే చెక్కకు కట్టేసి ఉంటాయి కాబట్టి మనం ఆగితే కూర్చుంటాం. ఒకరు కూర్చుంటే పక్కన ఇంకొకరు, వాళ్ల పక్కన ముగ్గురు, వాలు అడ్డంగా మూసుకుపోతుంది. మీరు ఏడుగురు ఉన్నారు కాబట్టి మరీ జాగ్రత్త. ఎప్పుడూ అంచుకి వెళ్లి ఆగండి. అడ్డంగా వరుసకట్టకుండా అంచు పొడుగునా ఒకరి కింద ఒకరు కూర్చోండి. అంచున ఆగినా, పైనుంచి వచ్చేవాళ్లకు కనబడాలి. నేల ఒక్కసారిగా కిందికి వంగే చోటు దాటగానే ఆగారంటే, పైవాళ్లు ఆ వంపు దాటి గాల్లోకి లేచాకే వాళ్లకు మీరు కనబడతారు. అలాంటి చోట పడిపోతే ముందు పాకుతూనైనా పక్కకు జరగండి, ఆ తర్వాతే మంచు దులుపుకోండి. ఫోటోలు దిగే చోట కూడా ఇదే లెక్క. మళ్లీ బయల్దేరే ముందు, రెండు రన్‌లు కలిసే చోట చేరే ముందు, పైకి చూడండి. మెయిన్ రోడ్డు మీదికి ఎక్కేటప్పుడు చూస్తాం కదా, అంతే.

లిఫ్టు దిగగానే అక్కడే కూర్చుని, ఎక్కేముందు బోర్డు నుంచి విప్పిన వెనకకాలు బిగించుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వెనక కుర్చీ ఏడెనిమిది సెకన్లలో వచ్చేస్తుంది. దిగి, జారి, పది పదిహేను గజాలు పక్కకు వెళ్లాకే కూర్చోండి.

మిగతా సగం కోపం పాతది. స్నోబోర్డు పుట్టిందే ఆలస్యంగా. 1965లో మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన కూతుళ్ల కోసం రెండు స్కీలు కలిపి బిగించి స్నర్ఫర్ అనే బొమ్మను చేశాడు. దాన్ని పట్టుకుని జేక్ బర్టన్ 1977లో వర్మాంట్‌లో బోర్డులు తయారుచేయడం మొదలుపెట్టాడు. 1980ల తొలి సంవత్సరాల్లో చాలా కొండలు బోర్డులను రానివ్వలేదు. కొన్నిచోట్ల ముందు పరీక్ష పాసై కార్డు తెచ్చుకుంటేనే లిఫ్టు ఎక్కనిచ్చేవాళ్లు. మన రాష్ట్రంలోని మౌంట్ బేకర్ మొదటినుంచీ బోర్డులకు తలుపు తెరిచిన కొద్ది కొండల్లో ఒకటి, అందుకే ఇక్కడివాళ్లకు దాని మీద అంత అభిమానం. 1998లో నగానో ఒలింపిక్స్‌లో స్నోబోర్డు చేరాక గొడవ చాలావరకు సద్దుమణిగింది. అయినా యూటాలో ఆల్టా, డీర్ వ్యాలీ, వర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్ ఇప్పటికీ స్కీలను మాత్రమే రానిస్తాయి. ఈ కథంతా ఎందుకంటే, మీ పక్కన లిఫ్టులో కూర్చునే పెద్దాయన ఆ రోజులు చూసినవాడు కావచ్చు. లైన్లో ఆయన స్కీల మీద మీ బోర్డు ఎక్కించకండి. కాలు జారి ఎక్కితే వెంటనే క్షమించమనండి. స్కీల పైపొర మీద మన బోర్డు ఇనుప అంచు పడితే గీత పడుతుంది, అవి ఖరీదైనవి. నిట్టనిలువు వాలు మీద బోర్డును అడ్డంగా పెట్టి పైనుంచి కిందిదాకా గీసుకుంటూ దిగితే మెత్తటి మంచు అంతా పోయి కింద గట్టిపొర తేలుతుంది, ఆ దారిలో దిగాల్సిన అందరికీ కష్టం. మీ స్థాయికి మించిన రన్ ఎక్కితే జరిగేది అదే.

అక్కడినుంచి మీ స్నేహితుడి సంగతికి వస్తాను. అతని మంచి మనసును తప్పుపట్టడం లేదు. కానీ తనకు దిగడం రావడం వేరు, నేర్పడం వేరు. నేర్పేవాడికి ముందు తెలియాల్సింది కొత్తవాణ్ణి ఎక్కడికి తీసుకెళ్లకూడదో. నేను చూసిన గాయాల్లో చాలా వాటికి ఒకే కథ. స్నేహితుడు మొదటి గంటలోనే "పైకి పోదాం, దృశ్యం బాగుంటుంది" అని లిఫ్టు ఎక్కిస్తాడు. పైన దిగాక కిందికి రావడానికి వేరే దారి ఉండదు. భయంతో కాళ్లు బిగుసుకుపోతాయి, బిగుసుకున్న కాళ్లతో అంచు మంచులో గుచ్చుకుంటుంది, మనిషి ఎగిరి పడతాడు. నలుగురు కొత్తవాళ్లూ సగం రోజు క్లాసు తీసుకోండి. అద్దె సామాను, లిఫ్టు టికెట్, పాఠం కలిపి కొత్తవాళ్లకు ఒకే ధరకు ఇచ్చే ఏర్పాటు చాలా కొండల్లో ఉంటుంది, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. స్నోక్వాల్మీలో కొత్తవాళ్లకు సమ్మిట్ వెస్ట్ వైపు వాలులు నయం. ఆల్పెంటల్ వైపు ఈసారి చూడనే చూడొద్దు. అది ఇదే టికెట్ మీద వచ్చినా చాలా నిట్టనిలువు.

రంగుల గుర్తులు ఎలాగూ చూస్తారు. ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలి చతురస్రం మధ్యస్థం, నల్ల వజ్రం కష్టం, రెండు నల్ల వజ్రాలు మరీ కష్టం. ఈ గుర్తులు ఆ కొండ లోపలి పోలికలే. ఒక కొండ మీద నీలి రన్ ఇంకొక కొండ మీద నల్లదానితో సమానం కావచ్చు. యూరప్ వెళ్తే లెక్క మారిపోతుంది, అక్కడ నీలిది తేలికది, దానికీ నల్లదానికీ మధ్య ఎరుపు ఉంటుంది.

పడడం గురించి ఇప్పుడు. మొదటిరోజు ముప్ఫై నలభైసార్లు పడతారు, అది మామూలే. ఎలా పడతారన్నదే ముఖ్యం. కొత్త స్నోబోర్డర్లకు ఎక్కువగా విరిగేది మణికట్టు. పడుతున్నప్పుడు చెయ్యి చాచి నేలకు ఆనించాలని ఎవరికైనా అనిపిస్తుంది, ఒంటి బరువంతా ఆ చిన్న ఎముకల మీద పడుతుంది. ముందుకు పడితే మోకాళ్ల మీద, పిడికిళ్లు బిగించి ముంజేతుల మీద పడండి. వెనక్కి పడితే ముందు గొంతుక్కూర్చున్నట్టు కిందికి దిగి, గడ్డం ఛాతీకి ఆనించి, పిరుదుల మీదినుంచి వీపు మీదికి దొర్లండి. చేతులు వెనక పెట్టకండి. గ్లవ్స్ లోపల వేసుకునే రిస్ట్ గార్డులు ఉంటాయి, అవి మణికట్టు గాయాలను బాగా తగ్గిస్తాయి. సాఫ్ట్‌వేర్ పని చేసే నలుగురికి ఆరు వారాలు కుడిచెయ్యి లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఈ పడడాన్ని శుక్రవారం రాత్రి ఇంట్లో పరుపు మీద పదిసార్లు అభ్యాసం చేసి రండి. నవ్వులాటలా ఉన్నా ఒంటికి గుర్తుంటుంది.

హెల్మెట్ అవసరమా అని అడిగారు. అవసరమే, ఏడుగురికీ. కొత్త స్నోబోర్డరు బోర్డుకి మడమవైపున్న అంచు మంచులో చిక్కుకుంటే చెట్టు కూలినట్టు వెనక్కి పడతాడు, తల వెనకభాగం నేరుగా నేలకు కొట్టుకుంటుంది. దానికి వేగం అక్కర్లేదు. 2009 మార్చిలో కెనడాలోని మోంట్ ట్రాంబ్లాలో నటి నటాషా రిచర్డ్‌సన్ స్కీ పాఠంలో, కొత్తవాళ్ల వాలు మీదే పడిపోయింది. హెల్మెట్ లేదు. లేచి, బాగానే ఉన్నానంది, వైద్యం వద్దంది. కాసేపటికి తలనొప్పి మొదలైంది. పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరి రెండు రోజుల్లో ప్రాణం పోయింది. అందుకని తలకు గట్టిదెబ్బ తగిలిన మనిషి "ఏం కాలేదు" అన్నా మీరు ఒప్పుకోకండి. ఆ రోజుకి బోర్డు విప్పించేయండి, పెట్రోల్ వాళ్లకు చూపించండి, ఒంటరిగా వదలకండి. తలనొప్పి పెరిగినా, వాంతి అయినా, మాట తడబడినా, మగతగా ఉన్నా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. హెల్మెట్ పెట్టుకున్నా మెదడు అదరకుండా ఆపలేదు, పుర్రె పగలకుండా మాత్రం చాలావరకు కాపాడుతుంది. అది ఉంది కదా అని వేగం పెంచకండి.

బట్టల దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు జీన్స్. స్నోక్వాల్మీ పాస్ ఎత్తు దాదాపు 3,000 అడుగులే, సముద్రపు తేమ దగ్గర, మంచు తడితడిగా బరువుగా ఉంటుంది. దీన్నే ఇక్కడ క్యాస్కేడ్ కాంక్రీట్ అంటారు. ఒక్కోసారి వానే పడుతుంది. కాటన్ బట్ట ఒకసారి తడిస్తే ఒంటి వేడినంతా లాగేస్తుంది. లోపల ఉన్ని గానీ పాలిస్టర్ గానీ, పైన నీళ్లు దిగని ప్యాంటు, జాకెట్ వేసుకోండి, అద్దెకూ దొరుకుతాయి. ఒక్క జత సాక్సు చాలు, రెండు జతలు వేస్తే బూటులో కాలు జారుతుంది. బూటు బిగించి మోకాలు ముందుకు వంచినప్పుడు మడమ పైకి లేవకూడదు. లేస్తే మొహమాటపడకుండా వేరే సైజు అడగండి.

ఒక చిన్న విషయం, కానీ ప్రాణాల మీదికి వచ్చేది. స్కీ ఊడితే దానికి బ్రేకులు ఉంటాయి, మంచులో గుచ్చుకుని ఆగిపోతుంది. స్నోబోర్డుకి బ్రేకు లేదు. వాలు మీద విప్పి అలాగే పెడితే అది ఇనుప అంచుల చెక్కలా కిందికి దూసుకుపోతుంది, కింద పిల్లలు ఉంటారు. విప్పిన బోర్డును ఎప్పుడూ తిరగేసి, బైండింగులు (కాళ్లు బిగించే పట్టీలు) మంచులోకి దిగేలా పెట్టండి. కట్టుకునేటప్పుడు ముందుకాలు ముందు, విప్పేటప్పుడు ముందుకాలు చివర.

లిఫ్టు అంటే కొత్తవాళ్లకు వాలు కంటే ఎక్కువ భయం. లైన్లోకి వచ్చేముందే వెనకకాలు విప్పేయండి, ముందుకాలు మాత్రం బిగించి ఉంచండి. మొదటిసారి అయితే అక్కడ నిలబడే లిఫ్టు మనిషికి చెప్పండి, కుర్చీ వేగం తగ్గిస్తారు. అది వాళ్ల పని, అడగడంలో నామోషీ లేదు. బోర్డు నేరుగా ముందుకు పెట్టి, భుజం మీదుగా వెనక్కి చూస్తూ కుర్చీ అంచు పట్టుకుని కూర్చోండి. "బార్ దించుతున్నా" అని చెప్పి కుర్చీ అడ్డకడ్డీని దించండి, లేకపోతే పక్కవారి తలకు తగులుతుంది. కూర్చోవడం కుదరక జారితే పట్టుకుని వేలాడకండి, నేలకు దగ్గరగా ఉండగానే వదిలేసి తల వంచి పడుకోండి, వాళ్లే ఆపేస్తారు. దిగేటప్పుడు బోర్డు ముక్కు పైకి లేపి, నేరుగా పెట్టి, వెనకకాలు రెండు బైండింగుల మధ్య ఆనించి లేవండి. పక్కవాళ్లను పట్టుకోకండి. ఒకరు పడితే ఒకరే పడాలి, నలుగురు కాదు. మొదటిరోజు ఒక కుర్చీకి ఇద్దరు కొత్తవాళ్లకంటే ఎక్కువ ఎక్కకండి.

ఎవరికైనా దెబ్బ తగిలితే, అది మీవల్లయినా ఇంకొకరివల్లయినా, మీరు పక్కనుంచి చూసింది మాత్రమే అయినా సరే, ఆగండి. మీ బోర్డును గాయపడిన మనిషికి కొంచెం పైన మంచులో నిలువుగా, జారిపోకుండా గుచ్చండి. పైనుంచి వచ్చేవాళ్లు దాన్ని చూసి తప్పుకుంటారు. మనిషిని కదపకండి, లేపి కూర్చోబెట్టకండి, హెల్మెట్ తీయకండి. మెడకో వెన్నుకో దెబ్బ తగిలి ఉంటే మన సాయమే హాని చేస్తుంది. పెట్రోల్ ఫోన్ నంబరు మ్యాపు మీద ఉంటుంది, శనివారం పొద్దున కారు దిగకముందే ఏడుగురూ ఫోన్లో దాచుకోండి. రన్ పేరు, పక్కనున్న లిఫ్టు పేరు చెప్పండి. జాకెట్ మీద శిలువ గుర్తున్న పెట్రోల్ మనిషి వచ్చి "ఇక వెళ్లొచ్చు" అనేదాకా ఉండండి. ఢీకొన్న ఇద్దరూ పేర్లు, ఫోన్ నంబర్లు ఒకరికొకరు ఇచ్చుకోవాలి, అక్కడి ఉద్యోగికి కూడా ఇవ్వాలి. నియమావళిలో 2022లో కొత్తగా చేరినవాటిలో ఇదొకటి. వీసా మీద ఉన్నాం, ఏమవుతుందో అన్న భయంతో వెళ్లిపోయినవాళ్లు నాకు తెలుసు. వెళ్లిపోతేనే విషయం పెద్దదవుతుంది. నేను ఢీకొట్టిన ఆవిడ పక్కన ఆ రోజు రెండు గంటలు ఉండిపోయాను. తర్వాత ఆవిడ నామీద కోపంగా మాట్లాడింది, ఆ హక్కు ఆవిడకుంది. కానీ పారిపోయాడని మాత్రం అనలేదు.

తాళ్ల సంగతి. రన్ పక్కన తాడు కట్టి "మూసివేయబడింది" అని ఉంటే దాని కిందనుంచి దూరకండి, అవతల ఎంత తెల్లగా, ఎవరూ తొక్కని మంచు కనబడినా సరే. ఈ ప్రాంతంలో దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది చెట్ల గుంతలు. ఫిర్, హెమ్లాక్ చెట్ల కింది కొమ్మలు మంచును ఆపేయడంవల్ల మొదలు చుట్టూ గుల్లగా గొయ్యి ఏర్పడుతుంది, పైకి కనబడదు. అందులో తలకిందులుగా పడితే మెత్తటి మంచు ముఖం చుట్టూ మూసుకుని ఊపిరాడదు. ఇలాంటి గుంతల్లో మనుషులను ఉంచి ప్రయోగాలు చేసినప్పుడు పదిమందిలో తొమ్మిదిమంది సొంతంగా బయటికి రాలేకపోయారు. కొత్త మంచు పడిన రోజు చెట్ల మధ్యకు ఒంటరిగా వెళ్లకూడదు. ఇద్దరు వెళ్తే ఒకరినొకరు చూసుకుంటూ ఉండాలి. కింద లిఫ్టు దగ్గర కలుద్దాం అనుకుంటే అది తోడు కిందికి రాదు. ఎవరైనా పడితే కాళ్లు పట్టి పైకి లాగకండి. తల ఎక్కడుందో అంచనా వేసి, పక్కనుంచి ముఖం దాకా తవ్వండి.

రెండోది మంచుచరియలు. కొండ సరిహద్దు లోపల పెట్రోల్ వాళ్లు తెల్లవారకముందే పేలుడు పదార్థాలతో ప్రమాదకరమైన మంచును దించేస్తారు. తాడు అవతల ఆ పని ఎవరూ చేయరు. 2012 ఫిబ్రవరి 19న స్టీవెన్స్ పాస్ సరిహద్దు దాటి టన్నెల్ క్రీక్ వైపు దిగిన బృందం మీద చరియ విరిగిపడి ముగ్గురు చనిపోయారు. వాళ్లు కొత్తవాళ్లు కారు, ఆ కొండను ఏళ్లుగా ఎరిగినవాళ్లు. మీలో ఎవరైనా సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు గుల్మార్గ్ చూడాలనుకుంటే అక్కడా ఇదే. గొండోలా (రోప్‌వే) రెండో దశ ఎక్కి అఫర్వత్ శిఖరం మీద దిగితే చుట్టూ ఎక్కువభాగం అదుపులేని మంచే. 2023 ఫిబ్రవరిలో ఆ వాలు మీదే పోలండ్ నుంచి వచ్చిన ఇద్దరు స్కీయర్లు చరియ కింద పోయారు. గొండోలా ఉంది కదా అని అది పార్కు అనుకోవద్దు. కింది వాలుల్లో నేర్చుకోండి.

జంపులు, ఇనుప పట్టాలు ఉండే టెరైన్ పార్కులోకి ఈ సీజన్ వెళ్లొద్దు. చూడాలనిపిస్తే పక్కనుంచి చూడండి. దూకినవాళ్లు దిగే చోటికి మాత్రం అడ్డం పోకండి, పైవాళ్లకు మీరు కనబడరు. చెవుల్లో పాటలు పెట్టుకోకండి, వెనకనుంచి వచ్చే బోర్డు గీసే చప్పుడు వినబడడం మీకు మేలు. మద్యం, గంజాయి రెండూ సాయంత్రానికి వాయిదా వేయండి, కారు నడిపేవాడికి సాయంత్రమూ వద్దు.

చివరిగా సమయం. మధ్యాహ్నం రెండున్నర తర్వాత కాళ్లు వణుకుతాయి, ఎండ తగ్గి మెత్తటి మంచు గట్టిపడుతుంది, రన్‌లు గుంతలు పడి ఉంటాయి. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు "చివరిది ఒక్కటి" అంటారు. మా ఇంట్లో ఆ మాట వాడం. ఎవరికైనా అలసట అనిపిస్తే, ఇప్పుడు దిగుతున్నదే చివరిది అయిపోతుంది, మళ్లీ లిఫ్టు ఎక్కం. మీలో అలసిపోయానని మొదట చెప్పిన మనిషిని బతిమాలకండి. పులిహోర డబ్బా కార్లో ఉంచండి, కడుపు నింపుకుని కాసేపు కూర్చున్నాకే ఐ-90 హైవే ఎక్కండి. పాస్ మీద కారు టైర్లకు గొలుసులు తప్పనిసరి చేసే రోజులు ఉంటాయి. బయల్దేరే ముందు రాష్ట్ర రవాణా శాఖ పేజీ చూసుకోండి, గొలుసులు డిక్కీలో పెట్టుకోండి, వాటిని టైరుకి ఎలా తొడగాలో ఇంటిముందు పొడినేల మీద ఒకసారి తొడిగి చూసుకోండి. ఆదివారం మళ్లీ రాయండి, నలుగురికీ మలుపులు ఎలా వచ్చాయో.